రథం వీధుల్లో అంతర్జాతీయ మోటారు పందెం

ఆ రోజుల్లో మా మార్కాపురానికీ మిగతా ప్రపంచానికీ ఉన్న సంబంధం చాలా సరళమైనది. మేం ప్రపంచానికి పలకలు పంపేవాళ్ళం, ప్రపంచం మాకు ఏమీ పంపేది కాదు. మద్రాసు ప్రెసిడెన్సీలో ఏ మూల ఏ పిల్లవాడు అఆలు దిద్దినా మా గనుల రాయి మీదే దిద్దాలి. అంతటి సేవ చేస్తున్న ఊరికి కర్నూలు నుంచి కలెక్టరు గారు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. రైలు స్టేషను ఉండేది గానీ, ఊరి గాలి సోకితే రైలు పాడవుతుందేమో అన్నట్టు దాన్ని జాగ్రత్తగా దూరంగా కట్టారు. అలాంటి ఊళ్ళో ఒకప్పుడు అంతర్జాతీయ మోటారు పందెం జరిగిందని చెబితే ఈ కాలం పిల్లలు నా వైపు జాలిగా చూస్తారు. చూడనీ. చరిత్ర రాసేవాళ్ళు మా ఊరి దాకా రాలేదు గనక జరిగింది జరగకుండా పోదు కదా. ఆ పందెం చరిత్ర మరీ పెద్దదేం కాదు. ఒక మధ్యాహ్నం మొదలై, ఆ మధ్యాహ్నమే ముగిసింది.

దాన్ని కనిపెట్టినవాడు పలకల బాబాయి. ఊళ్ళో పెద్ద పలకల వ్యాపారి, మాకు వరసకు బాబాయి, నాకు యజమాని. ఆయనకు ఇంగ్లీషు రాదు గానీ ఇంగ్లీషు పత్రికల్లో బొమ్మలు చూసే అలవాటు ఉండేది. మంగలి దుకాణంలో గడ్డం గీయించుకుంటూ ఒక పాత పత్రికలో ఏదో తెల్లవాళ్ళ సీమ పట్నపు బజారులో కార్లు ఒకదాని వెనక ఒకటి పరిగెత్తే బొమ్మ చూశాడట. బొమ్మలో వీధికి రెండు వైపులా జనం, మేడల మీద జనం, జెండాలు. సగం గీసిన గడ్డంతోనే లేచి, "ఇంతేనా? మనకు వీధుల్లేవా? జనం లేరా? జెండాలు కుట్టించలేమా?" అన్నాడట. కార్ల మాట ఎవరో గుర్తు చేస్తే, "అవి ఎక్కడినుంచైనా వస్తాయి" అని కూర్చుని మిగతా గడ్డం గీయించుకున్నాడు. దేశదేశాల వాళ్ళు మార్కాపురం వస్తారు, పలకలు చూస్తారు, మురిసిపోతారు, ఓడల మీద తెప్పించుకుంటారు. ఇదీ ఆయన లెక్క. ఇందులో దేశదేశాల వాళ్ళు అనే భాగం తప్ప మిగతాదంతా ఆయన చేతిలో పనే.

ఆ భాగం కూడా ఆయన సాధించాడు. ఆయన తక్కువవాడు కాదు. రైల్వే వంతెనలు చూసుకునే ఒక తెల్ల ఇంజనీరు గిద్దలూరు వైపు మకాం ఉండేవాడు, ఆయనకు సొంత కారు ఉండేది. అయిపోయింది, ఇంగ్లండు వచ్చినట్టే. పలకలు కొనడానికి యానాం నుంచి ఒక వర్తకుడి కొడుకు కారేసుకుని వచ్చి ఉన్నాడు. యానాం అప్పట్లో ఫ్రెంచి వాళ్ళ కింద ఉండేది కాబట్టి ఆయన ఫ్రాన్సు. (నల్లగా నిగనిగలాడుతూ, పంచె కట్టుకుని, ప్రతి మాటకూ చివర అండీ తగిలించే ఫ్రెంచివాణ్ణి నేను అదే మొదటిసారీ చివరిసారీ చూడటం.) కృష్ణకు అవతల నైజాం కూడా వేరే రాజ్యమే గనక, పాలమూరు నుంచి బంధువుల ఇంటికి వచ్చి ఉన్న ఒక దొరగారి అబ్బాయి మూడో దేశం. నాలుగో దేశం మార్కాపురం. మార్కాపురానికి ప్రతినిధిని నేను. బాబాయి దగ్గర పలకరాళ్ళు మోసే పాత అమెరికా కారుకు డ్రైవర్ని.

ఆ కారు గురించి చెప్పాలి. దానికి పైకప్పు ఉండేది కాదు, రాళ్ళు వేయడానికి అడ్డమని బాబాయి పీకించేశాడు. ముందు గేర్లు రెండూ ముసలితనానికి వచ్చాయి గానీ, వెనక గేరు మాత్రం పెళ్ళి కొడుకులా ఉండేది. అందుకని గని దగ్గర ఎగుడు వచ్చినప్పుడు బండిని అటు తిప్పి, వెనక్కి వెనక్కి ఎక్కించేవాణ్ణి. పక్కన బ్రేకు సాహెబు కూర్చునేవాడు. ఆయన ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క మెకానిక్కు. "బ్రేకు అల్లా చేతిలో ఉండాది బేటా, మన కాలి కింద ఉండేది ఉత్త ఇనుము" అని ఎక్కినవాళ్ళందరికీ చెప్పేవాడు కాబట్టి ఆ పేరు. ఇంతటి వాహనంతో, ఇంతటి అభయంతో నేను ఇంగ్లండుతో ఫ్రాన్సుతో తలపడటానికి వెంటనే ఒప్పుకున్నాను. దేశభక్తి అనుకునేరు. కారణం మా మామ కూతురు.

మా మామ, అంటే అమ్మకు తమ్ముడు, ఊళ్ళో అందరికీ చెక్కల మామ. ఊరి గుడి స్వామి రథం కదిలేటప్పుడు దాని చక్రాల కింద ముక్కోణపు చెక్కలు వేసి మలుపు తిప్పడం, ఆపడం వాళ్ళ ఇంటి పని. అంత ఎత్తు రథం, అన్ని వందలమంది లాగుతున్నది, ఆయన విసిరిన ఒక్క చెక్కకు ఠక్కున ఆగేది. ఏడాదిలో ఆ కొన్ని గంటల గౌరవంతో ఆయన మిగతా ఏడాదంతా మీసం మెలేసేవాడు. ఆయన కూతురికీ నాకూ చిన్నప్పటినుంచీ అనుకున్న సంబంధమే. అనుకున్నది ఆడవాళ్ళు. ఆయన మాత్రం ఒకరోజు నన్ను పిలిచి కూర్చోబెట్టాడు.

"రేయ్ అల్లుడా, గిద్దలూరోళ్ళు పిల్లనడుగుతుండారు. పిల్లోడు రైల్వేలో గుమస్తా. కోటేసుకుంటాడు. నువ్వేంది, రాళ్ళ బండి తోలుతావు."

"అది బండి కాదు మామా, మోటారు."

"మోటారైతే ఏందిరా? ఎక్కేది రాళ్ళే గదా. ఊరంతా చూస్తుండంగా ఒక్క పని సక్రమంగా చేసి సూపించు. అప్పుడు మాట్లాడుకుందాం."

ఊరంతా చూసే పని ఒకటి నోటీసు వేసి మరీ వస్తుంటే నేను కాదంటానా? బాబాయి పెట్టిన కప్పు గెలిస్తే పిల్ల, లేకపోతే గిద్దలూరు కోటు. రాత్రుళ్ళు నిద్ర పట్టేది కాదు.

ఇక పందెం ఎక్కడ అన్న ప్రశ్న. ఊళ్ళో రెండు కార్లు పక్కపక్కన పట్టే వీధులు గుడి చుట్టూ ఉన్న రథం వీధులు నాలుగే. తూర్పు వీధిలో రథశాల దగ్గర బయల్దేరి, గుడి చుట్టూ మూడుసార్లు తిరిగి మళ్ళీ అక్కడికే రావాలి. అంతవరకూ బాగుంది. పత్రిక బొమ్మలో కార్లన్నీ ఎడమకు తిరిగాయి గనక బాబాయి నోటీసులో కూడా ఎడమకే అని వేయించాడు. ఇంజనీరు దొర అది చదివించుకుని భేషన్నాడు. నోటీసు సాయంత్రానికల్లా మా మామ చెవిన పడింది. నేను దుకాణంలో ఉండగానే వచ్చి గడపలో నిలబడ్డాడు.

"ఏం బావా, స్వామి తిరిగే వీధుల్లో అప్రదక్షిణమా? గుడిని ఎడం చేతికి పెట్టుకుని తిరిగేది ఎవురు? నీకు మతి ఉండే చేస్తుండావా?"

"బొమ్మలో అట్ల ఉండాది బావా."

"బొమ్మలో బట్టల్లేకుండ తిరుగుతారు. నువ్వూ తిరుగుతావా?"

"అట్లనే బావా, కుడికే తిరుగుదాం," అన్నాడు బాబాయి.

ఇక్కడ మా బాబాయి స్వభావం ఒకటి చెప్పాలి. ఆయన జీవితంలో ఎవరికీ లేదు, కాదు అని చెప్పి ఎరగడు. వ్యాపారానికి మంచిది కాదని ఆయన నమ్మకం. మామకు అట్లనే బావా అన్నాడు. మర్నాడు ఇంజనీరు దొర వచ్చి, ఎడమకేగా అని అడిగితే, ఎస్ సార్ అన్నాడు. రెండూ మనసారా అన్నవే. రెండు మాటలూ ఒకే వీధిలో ఎదురెదురుగా వస్తే ఏమవుతుందన్న ఆలోచన ఆయన దేవుడికి వదిలేశాడు. మామ మాత్రం ఏదీ ఎవరికీ వదిలేసే మనిషి కాదు. నన్ను రథశాల వెనక్కి తీసుకుపోయి చెప్పాడు:

"నోటీసు నాకు తెల్దు, దొర నాకు తెల్దు. గుడిని కుడి చేతికి పెట్టుకుని తిరిగినావా, నువ్వు నా అల్లుడివి. ఎడం చేతికి పెట్టుకున్నావా, ఆ మోటారేసుకుని గిద్దలూరు పోయి పెండ్లి భోజనం చేసిరా."

పందెం రోజు త్రిపురాంతకం నుంచి, పుల్లలచెరువు నుంచి జనం ఎద్దులబండ్లు కట్టుకుని వచ్చారు. రథం వీధుల్లో ఏదో తిరుగుతుందని మాత్రమే వాళ్ళకు తెలిసింది. ఏది తిరిగితే ఏంటి, ఆ వీధుల్లో తిరిగేదానికి హారతి ఇవ్వడం మర్యాద. ప్రతి అరుగు మీదా ఆడవాళ్ళు పళ్ళాలు, కొబ్బరికాయలు, కర్పూరం సిద్ధం చేసుకుని నిలబడ్డారు. "సూసినావా, అంతర్జాతీయం అంటే ఇట్ల ఉంటాది" అని బాబాయి పొంగిపోయాడు.

రథశాల ముందు నాలుగు కార్లూ నిలిచాయి. ఇంగ్లండు, ఫ్రాన్సు, నైజాం మూడూ ఉత్తరం వైపు ముఖం పెట్టి ఉన్నాయి. మార్కాపురం ఒక్కటే దక్షిణం వైపు. పెళ్ళిలో అలిగిన చుట్టంలా నేను అందరికీ వీపు చూపించి కూర్చున్నాను.

"ఏమండీ, తమరు అటు తిరిగి కూర్చున్నారేంటండీ?" అని ఫ్రాన్సు మెడ తిప్పి అడిగింది.

"మాకు ఇదే పద్ధతి అండీ," అన్నాను.

"గిదేం రేసయ్యా," అని నైజాం నవ్వింది. ఇంగ్లండుకు మా భాష రాదు గనక పైపు కాల్చుకుంటూ ఉండిపోయింది. బాబాయి నా వైపూ చూశాడు, వాళ్ళ వైపూ చూశాడు. ఇద్దరికీ మాట ఇచ్చిన మనిషి ఇంకేం చేస్తాడు? జెండా ఊపాడు.

వాళ్ళు రయ్యిమని ఉత్తరానికి పోయారు. నేను దక్షిణానికి పోయాను, రయ్యిమని మాత్రం కాదు. మలుపు తిరిగి దక్షిణపు వీధిలోకి రాగానే మొదటి ఇంటి అవ్వ పళ్ళెం పట్టుకుని అడ్డం వచ్చింది. "అవ్వా, పందెం!" అన్నాను. "పందెమైతే మాత్రం? ఒక్క నిమిషం నిలబడు నాయనా" అని మోటారు ముక్కుకు పసుపు రాసి, కుంకం పెట్టి, కర్పూరం తిప్పింది. రెండో ఇంటి వాళ్ళు కొబ్బరికాయ కొట్టారు. కొట్టింది బండి ముందు లాంతరు మీద, లాంతరే పగిలింది. మూడో ఇంట్లో ఒక అత్త పసిబిడ్డను తెచ్చి స్టీరింగుకు మొక్కించింది. కాదంటే ఎవరికి కోపం వస్తుందో, ఆ కోపం మా మామ దగ్గరికి ఎలా చేరుతుందో నాకు తెలుసు. ఆగుతూ, దణ్ణాలు పెడుతూ పోయాను. బ్రేకు సాహెబు మాత్రం కొబ్బరి చిప్పలు ఏరి ఒళ్ళో పెట్టుకుంటూ, "రేసంటే ఇంత బాగుంటాదని నాకు తెల్వదు బేటా" అన్నాడు.

ఆ మూడు దేశాలకు మాత్రం ఏ అడ్డూ లేదు. అప్రదక్షిణంగా వచ్చేవాటికి హారతి ఇస్తే దోషమని ఉత్తరపు వీధి వాళ్ళూ పడమటి వీధి వాళ్ళూ తలుపులేసుకున్నారు. ఆ విధంగా మా ఊరి భక్తి అంతా కలిసి పరాయి దేశాలకు దారి ఇచ్చి, నాకు మాత్రం అడ్డం పడింది.

నేను దక్షిణపు వీధి చివర పడమటి మూలకు చేరేసరికి అక్కడ మామ తలపాగా చుట్టుకుని, చెక్కలు పట్టుకుని ఉన్నాడు. రథం ఆ మూల దగ్గర ఆగి సర్దుకుని తిరగడం రివాజు. చేతికున్న అలవాటో, నా మీద ప్రేమో, ఠక్కున నా చక్రాల కింద ముందొకటి, వెనకొకటి చెక్కలు వేసేశాడు. మోటారు ఉన్నచోటే నిలిచింది. చుట్టూ ఆడవాళ్ళు పళ్ళాలతో మూగారు, పిల్లలు బండి ముందుకు చేరి ఇత్తడి హారను నొక్కసాగారు. సరిగ్గా అప్పుడు పడమటి వీధిలోంచి ఇంగ్లండు, దాని వెనక ఫ్రాన్సు, దాని వెనక నైజాం, దుమ్ము లేపుకుంటూ ఆ మూల తిరిగాయి.

ఇంజనీరు దొర పైపు నోట్లోంచి ఊడి పడింది. ఆయన బ్రేకు తొక్కడం నాకు కనిపించింది, కారు ఆగకపోవడం కూడా కనిపించింది. పడమటి వీధి ఆ చివర కాస్త పల్లం. జారుకుంటూ, అరుస్తున్న హారనుతో మా మీదికి వస్తోంది. నా బండికీ ఆ బండికీ నడుమ పళ్ళాలు పట్టుకున్న ఆడవాళ్ళు, పిల్లలు. పక్కలకు పోదామంటే అరుగుల నిండా జనం. ఖాళీ ఉన్నది ఒక్క నా వెనకే.

"సాహెబూ, చెక్కలు తియ్యి!" అన్నాను.

"ముట్టుకోవాకు సాహెబూ!" అని మామ అరిచాడు. ఆయనకు దొర కారు వీపు వెనక ఉంది, నేనే ఎదురుగా ఉన్నాను. "రేయ్, స్వామి దారిలో వెనక్కి పోతావా? ఒక్క అడుగు పోయినావంటే నా కూతురి సంగతి మరిచిపో!"

ఆ క్షణంలో పిల్ల కనిపించింది, గిద్దలూరు కోటూ కనిపించింది, హారను నొక్కుతున్న చిన్నాడి గుండు తలా కనిపించింది. బ్రేకు సాహెబు అప్పటికే ఒళ్ళో కొబ్బరి చిప్పలన్నీ పారబోసి దూకాడు. "పిల్లలు సస్తారన్నా, నన్ను తర్వాత తిట్టు!" అని చెక్కలు రెండూ లాగేశాడు. నేను వెనక గేరు వేసి, "ఎక్కండి, పట్టుకోండి, నడవండి!" అని గొంతు చించుకున్నాను. పిల్లలు బండికి వేలాడారు, ఆడవాళ్ళు బండి వెంట పరిగెత్తారు, మామను సాహెబు రెక్క పట్టి అరుగు మీదికి లాగాడు. గని ఎగుడు మీద రాళ్ళతో నేర్చుకున్న విద్య అంతా దక్షిణపు వీధిలో ఒలకబోశాను. ముఖం దొర వైపు, వీపు దారి వైపు. వేగం నాది ఎక్కువా దొరది ఎక్కువా అన్న తేడా లేకుండా ఇద్దరం ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకుంటూ వీధంతా పోయాం. (ఆయన కళ్ళు నీలంగా ఉంటాయని ఊళ్ళో నాకొక్కడికే తెలుసు.)

మలుపు తిరిగి, తూర్పు వీధిలో రథశాల ముందుకు నా బండి వీపుతో ముందుగా చేరింది. చేరగానే ఇంజను ఒక పెద్ద నిట్టూర్పు విడిచి ప్రాణం వదిలింది. దొర కారు నా ముక్కును మెల్లగా తాకి ఆగింది. బాబాయికి తెలిసిన నియమం ఒక్కటే, ముందుగా వచ్చిన బండికి జెండా ఊపాలి. ఊపేశాడు. మూడు చుట్ల పందెంలో అర చుట్టు కూడా తిరగకుండా, బయల్దేరిన చోటికే వెనక్కి వచ్చి, నేను ఇంగ్లండునూ ఫ్రాన్సునూ నైజామునూ ఓడించాను. ఇంజనీరు దొర ఏదో గొణిగాడు గానీ బాబాయి గట్టిగా, "ముఖం ఎటు ఉండాలో నోటీసులో లేదు సార్" అన్నాడు. ఆయన ఒకరికి కాదు అని చెప్పడం నేను చూసింది ఆ ఒక్కసారే. పలకరాయితో చెక్కించిన కప్పు నా చేతుల్లో పెట్టారు. నా బరువులో సగం ఉంది.

అప్పుడు జనాన్ని తోసుకుంటూ మామ వచ్చాడు. తలపాగా ఊడిపోయి ఉంది. పిల్లలు ఎవరికీ దెబ్బ తగల్లేదని ఆయనకు తెలుసు, దొర కారు తన వీపు పక్కనుంచే పోయిందనీ తెలుసు. అయినా ఆయన మామ.

"కప్పు నీదిరా. పిల్ల నీది కాదు."

నేను కప్పు మోస్తూ నిలబడ్డాను. ఏడుపు వచ్చింది. ఇరవై ఏళ్ళవాణ్ణి, మీసం ఉన్నవాణ్ణి, మూడు దేశాల ముందు ముక్కు ఎగబీల్చాను. అరుగు మీద ఆడవాళ్ళలోంచి మామ కూతురు దిగి వచ్చింది. అందరి ముందూ ఆమె అలా మాట్లాడుతుందని నేను కలలో కూడా అనుకోలేదు.

"నాయనా, మలుపు కాడ రథం ఇరుక్కుంటే మీరు ఏం చేస్తారు?"

"వెనక్కి లాగిస్తాం."

"అప్పుడు స్వామి అప్రదక్షిణం చేసినట్టేనా?"

మీసం మెలేస్తున్న మామ చెయ్యి ఆగిపోయింది. "అది వేరు. రథం వెనక్కి పోయేది మళ్ళా ముందుకు పోనీకి. చుట్టు అయ్యేదాకా యాడా ఆగదు. వీడు ఆగినాడే!"

"అయితే పొమ్మను. ఇప్పుడే పొమ్మను."

బండి పోయే స్థితిలో లేదు. నేను కప్పు కింద పెట్టి, బండి వెనక్కి పోయి భుజం ఆనించాను. బ్రేకు సాహెబు స్టీరింగు పట్టాడు. జనం కాసేపు చూసి, ఇందులో చూడటానికి ఏమీ లేదని, దేశదేశాల వాళ్ళ వెంట కాఫీ దుకాణానికి పోయారు. మామ మాత్రం చెక్కలు చంకలో పెట్టుకుని నా పక్కన నడిచాడు. దక్షిణపు వీధిలో బాగానే పోయింది. పడమటి మూల దాటాక ఎగుడు వచ్చింది. బండి జారింది, ఆయన చెక్క వేశాడు. తోశాను, జారింది, మళ్ళీ వేశాడు. నా కళ్ళలో చెమట. అప్పుడు పక్కన చెక్కలు నేల మీద పడిన చప్పుడైంది. చూస్తే మామ పంచె ఎగ్గట్టి, నా పక్కన భుజం ఆనించి ఉన్నాడు.

"ఏందిరా చూస్తుండావు? తోయ్."

ఇద్దరం తోశాం. ఉత్తరపు వీధి దాటి రథశాల ముందుకు వచ్చేసరికి పొద్దు వాలింది. మామ తువ్వాలుతో ముఖం తుడుచుకుని, "చుట్టు అయింది. ఇంటికి రా, అన్నం తిందువు" అన్నాడు. మా వైపు ఆ మాట చాలు, తాంబూలాలు తర్వాత పుచ్చుకున్నా ఫరవాలేదు.

మరుసటి ఏడు కూడా పందెం జరపాలని బాబాయి పట్టుబట్టాడు. కార్లు ఎటు తిరగాలో తేల్చడానికి పెద్దమనుషులు కూర్చున్నారు. యుద్ధం వచ్చి, పెట్రోలు దొరక్కుండా పోయేదాకా కూర్చునే ఉన్నారు. అంతర్జాతీయ పందెం అట్ల ముగిసింది. పలకలు మాత్రం ఒక్క ఓడ కూడా ఎక్కలేదు.

పెళ్ళయిన చాలా రోజులకు ఆమెను అడిగాను, ఆ రోజు అందరి ముందూ ఎందుకు మాట్లాడినావని. నేను గెలిచిన తీరు చూసి మురిసిపోయిందని చెబుతుందనుకున్నాను. "నీ గెలుపు ఎవురికి కావాల బావా? పిల్లోల్ల కోసం నన్ను వదులుకోనీకి సిద్ధపడినావే, అప్పుడే అనుకుంటి" అంది. నాకు కాస్త చిన్నతనంగా అనిపించింది. అంత వెనక గేరు విద్య చూపించిన మనిషికి ఆ మాట చాలదనిపించింది. ఆ వయసు అలాంటిది.

మనవళ్ళకు ఇప్పటికీ ఆ పందెం కథ చెబుతాను. దొర కారు వేగం ఏటేటా పెరుగుతూ వచ్చింది, వీధి పల్లం కొండంత అయింది. చెబుతున్నప్పుడు పక్క గదిలోంచి ఆమె ఒకసారి దగ్గేది. నేను వేగం కొంచెం తగ్గించేవాణ్ణి. రెండోసారి దగ్గితే పల్లం కూడా తగ్గించేవాణ్ణి. పోయినేడు నుంచి ఆ దగ్గు లేదు. ఇప్పుడు ఎంత పెంచి చెప్పినా ఆపేవాళ్ళు లేరు. అయినా ఎందుకో, ఈ మధ్య కథను ఉన్నది ఉన్నట్టే చెబుతున్నాను.